ఒక్క గీత

మా ఇంట్లో ‘నాటు’ అన్న మాట చాలాకాలం ఒక తిట్టుగానే చెలామణీ అయింది. కోడి నాటుదైతే పండగ, వైద్యం నాటుదైతే భయం, మనిషి నాటుగా ఉంటే చులకన. ఆ మాటను మా నాన్నగారి మీద ప్రయోగించినవాణ్ణి నేనే. అది 1999లో జరిగింది. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పుకోని ఆ సంగతి చెప్పడానికి ఒక సినిమా పాట సాకుగా దొరికింది కనుక ఆ పాటతోనే మొదలుపెడతాను.

2021 నవంబరు 10, బుధవారం. కరోనా పుణ్యమా అని ఆఫీసు పని ఇంటినుంచే చేసుకునే రోజులు కావడంతో కుటుంబంతో సహా భీమవరంలో మా ఇంట్లోనే ఉన్నాను. వీధి అరుగు మీద కూర్చున్న మా అమ్మాయి హఠాత్తుగా కేక పెట్టింది. ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలోని ‘నాటు నాటు’ పాట విడుదలయిందట. లహరి, టీ-సిరీస్ సంస్థలు యూట్యూబులో పెట్టిన ఆ వీడియోలో పాటంతా లేదు. సాహిత్యం అక్షరాలుగా తెర మీద కదులుతుంటే మధ్యమధ్య ఎన్టీఆర్, రామ్‌చరణ్‌ల అడుగులు కాసిన్ని కనిపిస్తాయి. దాన్ని లిరికల్ వీడియో అంటారని ఆమే నాకు చెప్పింది.

పక్కనే పడక్కుర్చీలో ఉన్న నాన్నగారికి పాట వినిపించలేదు. ముప్ఫై మూడేళ్ళపాటు లౌడ్‌స్పీకర్ల కింద బతికిన మనిషి ఆయన. డెబ్బై దాటేసరికి చెవులు దాదాపుగా మూసుకుపోయాయి. మిషను కొనిచ్చాం కానీ అందులో హోరు తప్ప మాట రాదని దాన్ని పెట్టెలోనే ఉంచేశారు. ఏదైనా చెప్పాలంటే ఒక రూళ్ళ నోటుపుస్తకంలో రాసి చూపించాలి. మా అమ్మాయి ఆ పుస్తకం అందుకుని, “ఆర్ఆర్ఆర్ రెండో సింగిల్ వచ్చింది తాతగారూ” అని రాసింది.

“సింగిల్ అంటే ఏమిటే?” అన్నారాయన.

“సినిమా పాటలన్నీ కాకుండా ఒక్క పాటనే ముందు విడుదల చేయడం” అని రాసిందామె.

నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని చదివి నవ్వారు. “మా ప్లేట్లన్నీ అవే కదే!” అన్నారు.

ఆ మాట నిజం. నాన్నగారు 1966లో భీమవరంలో మైకుసెట్టు దుకాణం పెట్టేనాటికి గ్రామఫోను రికార్డులను మా వైపు జనం ప్లేట్లనే అనేవారు. నిమిషానికి డెబ్బై ఎనిమిది చుట్లు తిరిగే ఆ లక్క ప్లేటుకు ఒక్కో వైపున పట్టేది మూడు నిమిషాల చిల్లర. అంటే అటొక పాట, ఇటొక పాట. తరవాత నలభై అయిదు చుట్ల చిన్న ప్లేట్లు, సినిమా పాటలన్నీ ఒకేచోట ఇమిడే పెద్ద ప్లేట్లు, వాటి వెనకే కాసెట్లు వచ్చాయి. పాట ఒంటరితనం పోగొట్టుకుని గుంపులో చేరిపోయింది. ఇప్పుడు మళ్ళీ ఒక్కొక్క పాటనూ విడివిడిగా జనం మీదికి వదులుతున్నారు. ఆర్ఆర్ఆర్ పాటల్లో మొదటిది 2021 ఆగస్టు 1న స్నేహితుల దినం పేరు చెప్పి వచ్చింది. ‘నాటు నాటు’ రెండవది. తిరిగి తిరిగి పాట మా దుకాణం కాలానికే చేరుకుందన్నమాట.

ఆ దుకాణం గురించి రెండు మాటలు చెప్పాలి. ఒక ఆంప్లిఫయరు, రెండు ఇత్తడి బాకాల్లాంటి హారన్లు, ఒక గ్రామఫోను పెట్టె, కారు బ్యాటరీలు రెండు, రేకుపెట్టెల్లో ప్లేట్లు. ఇవీ ఆస్తిపాస్తులు. ఉండి, వీరవాసరం, పాలకోడేరు, కాళ్ళ, ఆకివీడు, ఏ ఊళ్ళో పెళ్ళయినా, రజస్వల వేడుకైనా, శ్రీరామనవమి పందిరైనా ఒంటెద్దు బండి మీద సామాను వెళ్ళేది. హారన్లు కొబ్బరిచెట్టుకు కట్టడం దగ్గరే నైపుణ్యమంతా ఉందనేవారు నాన్నగారు. కాలవ వైపు తిప్పి కడితే నీటి మీదుగా పాట అవతలి ఊరిదాకా పోతుంది. తూరుపు గాలి రోజున ఒకలాగా, పడమటి గాలి రోజున మరొకలాగా కట్టాలి. ఇక సంక్రాంతి నుంచి మావుళ్ళమ్మవారి ఉత్సవాలు ముగిసేదాకా ఆయన ఇంట్లో పడుకున్న రాత్రులు వేళ్ళ మీద లెక్కించవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైన వస్తువు ఒక పొడుగాటి పద్దుపుస్తకం. ముందు పేజీల్లో తేదీ, ఊరు, శుభకార్యం, అద్దె. వెనక పేజీల్లో పాటల పట్టిక. పందిట్లో ఎవరైనా వచ్చి, “ఏవండీ, ఆ పాట వేద్దురూ” అని అడిగితే ఆ పాట ఎదురుగా ఒక గీత. నాలుగు నిలువుగీతలయ్యాక అయిదవది అడ్డంగా. దీనికి వ్యాపార కారణం ఉంది. ఉక్కు ముల్లు గీసి గీసి ప్లేటు అరిగిపోతుంది. ఏ ప్లేటు మళ్ళీ కొనాలో, ఏది అక్కరలేదో ఆ గీతలే చెప్పాలి. కానీ నాన్నగారు వ్యాపారానికి అవసరమైన దానికంటే ఎక్కువే రాసేవారు. ఉండి వైపు జనం ఎగబడి అడిగిన పాటను కాళ్ళ వైపు ఒక్కరూ అడగకపోవడం ఆయనకు పెద్ద విచిత్రం. గీత పక్కన చిన్న అక్షరాలతో “పెళ్ళికూతురి మేనత్త”, “చాకలి ముసలమ్మ, రెండుసార్లు”, “బడిపిల్లలు” అని ఉండేది. తను వేసిన పాటకు కాదు, ఎవరో ఒకరు వచ్చి అడిగిన పాటకే గీత. ఆ నియమం ఎప్పుడూ తప్పలేదు.

ఈ పని లోకంలో ఘనంగానే జరిగింది. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక దుకాణాల్లో అమ్మకాలను, జ్యూక్‌బాక్సుల్లో నాణెం వేసి అడిగిన పాటలను, రేడియోలో వేసిన పాటలను వేర్వేరు పట్టికలుగా లెక్కగట్టేది. 1958 ఆగస్టులో అన్నిటినీ కలిపి వంద పాటల వరస మొదలుపెట్టింది. మన దేశంలో 1952 నుంచి రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతు బినాకా గీత్‌మాలా పేరిట వారం వారం వరస చెబుతూ వచ్చింది. అయితే అది హిందీ పాటల సంబరం. తెలుగు పాటకు అలాంటి వరస లేదు. వివిధభారతి జనరంజనిలో ఉత్తరాలు రాసినవాళ్ళ పేర్లు, ఊళ్ళు చదివి పాట వేసేవారు. ఎన్ని ఉత్తరాలు వచ్చాయన్నది మాత్రం శ్రోతలకు చెప్పేవారు కాదు. కనుక భీమవరం పరిసరాల వరకు తెలుగు పాటల చార్టు ఏదైనా ఉన్నదంటే అది మా నాన్నగారి పద్దుపుస్తకమే. ఇది కొడుకుగా చెప్పుకునే గొప్ప కాదు. ఆ విషయం అర్థం కావడానికి నాకు యాభై ఏళ్ళు పట్టింది.

నాకు ఆ పుస్తకం అప్పట్లో సిగ్గు. ఇంజనీరింగు చదవడానికి వేరే ఊరు వెళ్ళాను. హాస్టల్లో ఎవరైనా “మీ నాన్నగారు ఏం చేస్తారు?” అంటే “ఎలక్ట్రికల్ వ్యాపారం” అనేవాణ్ణి. 1996లో హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. 1999లో పెళ్ళి కుదిరింది. అమ్మాయివారు ఇల్లు చూడటానికి వస్తారనగా నేను ముందుగా వచ్చి ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. అప్పటికి మైకుసెట్టు బేరాలు తగ్గిపోయాయి. డెక్కులూ, పెద్దపెద్ద బాక్సులూ పెట్టిన కుర్రవాళ్ళు వచ్చారు. వరండాలో హారన్లు, గదినిండా రేకుపెట్టెలు చూసి నాకు ఒళ్ళు మండింది. “ఇంకా ఈ నాటు సామాను ఎందుకండీ? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? మనమూ కాస్త మనుషుల్లా ఉండొద్దా?” అన్నాను. ఆయన మాట్లాడలేదు. మర్నాడు ఆయన బజారుకు వెళ్ళిన సమయంలో పాత ఇనుప సామాన్లవాణ్ణి పిలిచి అంతా తూకానికి వేశాను. ఇత్తడికి మంచి ధర పలికింది. ప్లేట్లను వాడు ఊరికే ఇస్తేనే పట్టుకెళతానన్నాడు. కాగితాల కట్టలో పద్దుపుస్తకాలు కూడా వెళ్ళాయి.

నాన్నగారు తిరిగివచ్చి ఖాళీ గదిని చూశారు. “పుస్తకాలు కూడానా?” అని మాత్రం అడిగారు. అవునన్నాను. కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నారు. ఆ తరవాత ఇరవయ్యేళ్ళలో ఆ ప్రసక్తి ఒక్కసారి కూడా తేలేదు.

మళ్ళీ పాట దగ్గరకు వస్తాను. ఆ బుధవారమంతా మా అమ్మాయి గంటగంటకూ వీక్షణల అంకె చెబుతూనే ఉంది. ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని చూపులు, ఎన్ని మెప్పులు అన్నది ఈ తరానికి పందెం కోడి లెక్క. పందెం ఉన్నచోట మోసమూ ఉంటుంది. 2019లో ఒక హిందీ పాప్ పాట మొదటి రోజు వీక్షణల్లో ప్రపంచ రికార్డు సాధించిందన్న ప్రచారం జరిగింది. డబ్బు పెట్టి ప్రకటనగా చూపించిన వీక్షణలు అందులో కలిశాయని గొడవ లేచింది. ఆ సెప్టెంబరులోనే యూట్యూబు తన చార్టులకూ, మొదటి రోజు రికార్డులకూ ప్రకటనల వీక్షణలను లెక్కించబోమని ప్రకటించింది. నేను ఇదంతా పుస్తకంలో రాసి చూపిస్తే నాన్నగారు తలపంకించి, “అడిగినవాడికే గీత” అన్నారు. పద్దుపుస్తకం ఆయన మనసులో ఉందని అంతవరకు నాకు తెలియదు. నేను తల ఎత్తలేకపోయాను.

2022 మార్చి 25న సినిమా వచ్చింది. రెండో వారంలో నాన్నగారిని తీసుకెళ్ళాను. వినపడని మనిషిని సినిమాకు తీసుకెళ్ళడమేమిటని ఇంట్లో అన్నారు కానీ ఆయనే వస్తానన్నారు. ఆ రోజుల్లో భీమవరంలో ఈ సినిమా మీద మమకారానికి కొదవ లేదు. కథానాయకులలో ఒకరికి అల్లూరి సీతారామరాజు పేరు. ఆయన పూర్వీకుల ఊరు మోగల్లు మాకు కూతవేటు దూరం. సంగీత దర్శకుడు కీరవాణి పుట్టింది కొవ్వూరులో. అల్లూరిదీ, కీరవాణిదీ ఒకే పుట్టినరోజు, జులై 4. ఆ ఏడాది అదే రోజున మా ఊళ్ళో ముప్ఫై అడుగుల అల్లూరి కాంస్య విగ్రహాన్ని ప్రధాని ఆవిష్కరించారు. సినిమా విడుదలైన పది రోజులకు, ఏప్రిల్ 4న, జిల్లాలు విడిపోయి భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమైంది, కొవ్వూరు తూర్పు గోదావరిలోకి పోయింది. “పాట మనది కాకుండా పోయిందిరా” అని ఒక మిత్రుడు నవ్వించాడు.

పాట వచ్చింది. మీలో చాలామంది చూసే ఉంటారు కనుక వర్ణించను. తెల్లదొరల విందులో నాట్యం రానివాళ్ళని అవమానం పొందిన ఇద్దరు యువకులు తమ నాటు అడుగుతో ఆ తోటనంతటినీ ఊపేయడం సన్నివేశం. ఆ మేడ ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మారియిన్‌స్కీ ప్రాసాదం. ఆ దేశాధ్యక్షుడి లాంఛన భవనం. 2021 ఆగస్టులో అక్కడ చిత్రీకరణ జరిగింది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. మేము తెర మీద ఆ పచ్చికనూ, ఆ నీలిగోడలనూ చూస్తున్న సమయానికి ఆ దేశం మీద బాంబులు పడుతున్నాయి. ప్రేమ్ రక్షిత్ కూర్చిన ఆ అడుగులో కష్టమంతా ఇద్దరి కాళ్ళూ ఒక్క క్షణం తేడా లేకుండా కదలడంలో ఉంది. చంద్రబోస్ ఆ పాటలో తొంభై పాళ్ళు సగం రోజులో రాశాననీ, మిగిలిన పది పాళ్ళకు పంతొమ్మిది నెలలు పట్టిందనీ చెప్పుకున్నారు. మిరపతొక్కూ, జొన్నరొట్టే తెలిసిన తెలంగాణ పల్లె, చల్లగరిగ, ఆయన సొంతూరు. పాడినవారిలో కాలభైరవ కీరవాణి కుమారుడు. రాహుల్ సిప్లిగంజ్ హైదరాబాదు గల్లీల నుంచి సొంత పాటలు యూట్యూబులో పెట్టుకుంటూ పైకి వచ్చినవాడు.

హాలంతా కాగితాలు ఎగరేస్తూ లేచి నిలబడింది. నేను నాన్నగారి వైపు చూశాను. ఆయన చెప్పులు విడిచి రెండు పాదాలూ నేలకు ఆనించి కూర్చున్నారు. కుర్చీ చేతి మీద మూడు వేళ్ళు తకిట, తకిట, తకిట అని పడుతున్నాయి. అది తిశ్రగతి. పాశ్చాత్యుల లెక్కలో ఆరు-ఎనిమిది. మా వైపు గరగలు ఆడేటప్పుడూ, ఊరేగింపులో డప్పులూ తాషాలూ జోరందుకున్నప్పుడూ వినిపించే నడక. ఒక్క మాట, ఒక్క స్వరం చెవిని పడకుండానే ఆయన ఆ పాటను పాదాలతో విన్నారు. బయటికి వచ్చాక, “బాక్సులు బాగా కట్టారు” అన్నారు. అది ఆయన ఇవ్వగల అత్యున్నత బిరుదు.

ఆ తరవాతి కథ లోకవిదితం. 2022 ఏప్రిల్ 11న పూర్తి వీడియో వచ్చింది. హిందీ, తమిళ, కన్నడ, మలయాళ రూపాలకు వేర్వేరు లెక్కలు. అమెరికా, జపాన్ హాళ్ళలో జనం తెర ముందుకు వెళ్ళి చిందులు వేశారు. 2023 జనవరి 10న గోల్డెన్ గ్లోబ్, మార్చి 12న ఆస్కార్. మనకది 13వ తేదీ సోమవారం ఉదయం. రిహానా, లేడీ గాగా పాటలు కూడా అదే పోటీలో ఉన్నాయి. భారతీయ చిత్రంలోని పాటకు ఆ బహుమతి రావడం అదే తొలిసారి. 2009లో రహమాన్‌కు వచ్చినది బ్రిటిష్ చిత్రానికి. ఆ వేదిక మీద ఆడిన నర్తకులలో మన ప్రాంతపు మూలాలున్నవారు కనబడలేదన్న విమర్శ వచ్చింది. అది సబబైన విమర్శ. నాటు అని చెబుతూ నాటువాళ్ళను పక్కన పెట్టడం నాకు కొత్త కాదు. నేనూ ఆ పని చేసినవాణ్ణే.

ఆ సోమవారం ఉదయం టీవీ ముందు అందరం చేరాం. పేరు ప్రకటించగానే మా అమ్మాయి ఎగిరి గంతేసి, పుస్తకంలో పెద్ద అక్షరాలతో “వచ్చింది!” అని రాసి చూపించింది. నాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు. వీధిలో టపాకాయలు కాలుస్తున్నారు. ఆ సందడి సద్దుమణిగాక నేను పుస్తకం తీసుకున్నాను. ఏమి రాయాలో ఇరవై నాలుగేళ్ళుగా నాకు తెలుసు, చేయి మాత్రం రాలేదు. చివరికి, “ఆ రోజు పుస్తకాలు అమ్మేసి తప్పు చేశాను నాన్నగారూ. మిమ్మల్ని నాటు అన్నాను” అని రాసి ఆయన చేతికిచ్చాను.

ఆయన చాలాసేపు చదివారు. రెండు వాక్యాలకు అంతసేపు అక్కరలేదు. తరవాత కలం అడిగారు. వినపడనిది ఆయనకే కానీ మాకు కాదు కనుక ఆయన ఎప్పుడూ నోటితోనే జవాబు చెప్పేవారు. ఆ రోజు మాత్రం రాశారు. “ఇత్తడి ధర బాగానే వచ్చింది కదరా.” దాని కింద, కాసేపు ఆగి, “కొన్ని గుర్తున్నాయి, రాసుకో.”

ఆ వేసవిలో శనాదివారాలు భీమవరం వెళ్ళాను. ఆయన చెబుతుంటే నేను రాశాను. ఏ ఏట, ఏ ఊరు, ఎవరి ఇంటి పెళ్ళి, ఏ పాట, ఎన్ని గీతలు, ఎవరు అడిగారు. కొన్నిచోట్ల పాట మరిచిపోయారు, అడిగిన మనిషి గుర్తున్నారు. అలాంటప్పుడు పాట స్థానం ఖాళీగా వదలమన్నారు. మొత్తం పదకొండు పేజీలు అయ్యాయి. 2024లో ఆయన వెళ్ళిపోయారు.

చివరి పేజీలో ఆఖరున ఒక పాట ఉంది. “నాటు నాటు కూడా రాయి” అన్నారు ఒక సాయంత్రం. రాశాను. వీక్షణలు కోట్లలో ఉన్నాయి, ఎన్ని గీతలు వేయాలని కాగితం మీద అడిగాను. ఆయన విసుక్కున్నారు. “అవన్నీ ఎవరివో మనకేం తెలుసురా? మన దగ్గరకొచ్చి అడిగినవాడెవడు?”

“నేను అడిగాను” అని రాశాను.

“అయితే ఒక్క గీత వెయ్యి” అన్నారు. వేశాను. పక్కన చిన్న అక్షరాలతో పేరు రాయబోతే ఆయన పుస్తకం లాక్కుని, వణికే చేత్తో, “మా అబ్బాయి” అని తనే రాశారు.